అడ్డతెడ్డు

భైరవీనది రేవులో ఆ మధ్యాహ్నం ఇసకేస్తే రాలనంత జనం. గట్టు మీద ఏడు రంగుల పట్టు గుడారాలు లేచాయి. గుడారాల ముందు వెండి స్తంభాలు, స్తంభాలకి నెమలిపింఛాల కుచ్చులు, ఆ కుచ్చుల చివర గాలి సోకితే చాలు గలగలమనే చిరుగంటలు. నడుమ ఏనుగుదంతం పీట మీద మణిశైల రాజ్యాన్నేలే గజకేతు మహారాజు కూర్చున్నాడు. ఆయన కిరీటంలో కెంపు ఎండకి భగభగమంటోంది. ఆయనకి కుడివైపు, పులితోలు మీద, జడలన్నీ నిలువునా ఆకాశంలోకి లేచిపోయిన మాంత్రికుడు ఊర్ధ్వజటుడు. ఆ జడలు అలా ఎందుకు నిలబడ్డాయని అడిగినవాళ్ళు లేరు. అంటే, ఇప్పుడు లేరు.

ఇంత ఆర్భాటమూ ఎవరితో పందేనికయ్యా అంటే, పడవ నడిపే ఓ పిల్లతో. పేరు నూకాలు. మోకాళ్ళ పైకి గోచీ బిగించి, తలకి తువ్వాలు చుట్టి, తెడ్డు భుజాన వేసుకుని నీళ్ళ అంచున నిలబడి ఉంది. రాజుగారు చూస్తున్నారని ఒదిగింది లేదు, మాంత్రికుడు చూస్తున్నాడని బెదిరింది లేదు. ఆమె చూపంతా ఏటి మీదే ఉంది.

సంగతి మొదటినుంచీ చెప్పుకోకపోతే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి తికమకగా ఉంటుంది. పోయిన చలికాలంలో ఈ ఊర్ధ్వజటుడు ఎక్కణ్ణుంచో ఊడిపడ్డాడు. తిన్నగా కొలువుకి పోయి రాజుగారి చెవిలో ఊదాడు.

"మహారాజా! మీ రాజ్యంలో పనివాళ్ళకి పొగరెక్కువ. నేతగాడు ఈ నూలు తెగుతుంది, నెయ్యనంటాడు. తాపీవాడు ఈ పునాది మీద గోడ నిలవదు, కట్టనంటాడు. ఎందుకొచ్చిన తలనొప్పి ఇదంతా? పనితనమంటే చేతి అలవాటు, అంతే కదా! దాన్ని నేను పిండి తీసి మట్టిబొమ్మలో పోస్తాను. బొమ్మకి ఆకలుండదు, అలుపుండదు, ఎదురుచెప్పడం అసలే ఉండదు."

ఆ చివరి మాట రాజుగారికి మహా నచ్చింది.

ఇంకేం, నెమలికొండ గుహల్లోంచి బండ్లకొద్దీ బంకమట్టి తవ్వించి తెచ్చాడు. పనివాణ్ణి పట్టుకొచ్చి మోచేతులదాకా ఆ మట్టితొట్టిలో ముంచి మంత్రం చదివేవాడు. చేతులకి వచ్చిన విద్యంతా మట్టిలోకి దిగిపోయేది. తొట్టిలోంచి ఓ మట్టిమనిషి లేచి నిలబడేవాడు. అసలు మనిషి చేతులు మాత్రం తడిగుడ్డల్లా వేలాడిపోయేవి.

నూకాలు అన్న పైడన్న గతీ అదే అయింది. భైరవి మీద పడవ నడపడంలో పైడన్నని మించిన సరంగు లేడు. ఇప్పుడు చూడండి, మెరక మీద నేరేడు చెట్టు కింద చాప వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో రెండు చేతులూ ఎవరో పెట్టి మరిచిపోయిన సామానులా పడి ఉన్నాయి. పొద్దున గంజి నూకాలే తాగించింది. చెల్లెలి మొహం చూడలేక అతను కళ్ళు మూసుకుని తాగాడు. అది చూసి ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఆ మంటతోనే పదిరోజుల కిందట కోట వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా కేకేసింది. "ఒరేయ్ జడలోడా! మా అన్న చేతులు మా అన్నకిచ్చెయ్! లేదంటే నీ మట్టిముద్దని ఏట్లోకి దింపు, నేనూ దిగుతా. ఎవరు సరంగో ఏరే చెబుతుంది!"

ఊర్ధ్వజటుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిచ్చిదానా! ఇవ్వడానికి నా దగ్గరేముంది? బొమ్మ తనంతట తాను పని మానేస్తే చేతులు వాటంతటవే వెనక్కొస్తాయి. మట్టికి మానడం తెలుసా? చెప్పింది చెయ్యడమొక్కటే దానికి తెలుసు. నీళ్ళలో పడి కరిగిందో, మీ అన్న చేతులు ఈ జన్మకిక రావు. పందెమంటావా, సరే! పులికోర కనుమ దాటి కొండవాకిలి రేవుకి ముందు చేరితే బొమ్మని నీకే ఇస్తా, మానిపించుకో. ఓడావో, నీ చేతులు నా తొట్టిలో పెట్టు."

"పెడతా," అంది నూకాలు. అనేసి ఇంటికెళ్ళాక గుండె దడదడలాడింది గానీ, అన్నప్పుడు మాత్రం గొంతు వణకలేదు.

అదీ పందెం. పొద్దు నడినెత్తికి వచ్చాక శంఖం ఊదుతారు. శంఖం ఊదగానే రెండు పడవలూ కదలాలి. కదలనిది ఓడినట్టే.

"అక్కా, పడవ అడుగు చూశాను. పలకలు గట్టిగానే ఉన్నాయి," అంటూ వచ్చాడు లింగడు.

లింగడంటే నూకాలు పడవలో రెండో తెడ్డు వేసేవాడు. గుబురు గడ్డం, మాసిన పంచె. ఆ గడ్డం పెట్టుడు గడ్డమనీ, దాని వెనకున్నది మాంత్రికుణ్ణి నమ్మొద్దన్నందుకు తండ్రి వెళ్ళగొట్టిన యువరాజు రత్నకేతు అనీ మీకూ నాకూ తెలుసు. నూకాలుకి తెలీదు. ఆమెకి తెలిసిందల్లా వీడు వచ్చిన కొత్తలో తెడ్డుని గరిటెలా పట్టుకునేవాడని.

"నిజంగానే చూశావా, పోయినసారిలాగానా?" అంది.

లింగడు తల దించుకున్నాడు. పోయినసారి అడుగుపలక ఊట పెడుతోందని ఒడ్డునే చూశాడు. చూసి, చెబితే పిరికివాడంటారేమోనని నోరు మూసుకున్నాడు. వీరుడి నోట భయమన్న మాట రాకూడదని చిన్నప్పుడు గురువులు నూరిపోశారు మరి! ఏటి మధ్యలో పడవ సగం మునిగింది. ఒడ్డున పడ్డాక నూకాలు వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. మునిగినందుకు కాదుట, చెప్పనందుకు.

"నిజంగానే చూశానక్కా. వేలు పెట్టి తడిమాను," అన్నాడు.

"ఊఁ. కొత్తలో నువ్వు తెడ్డు వంకే చూసేవాడివి. తర్వాత నా చేతుల వంక చూసేవాడివి. ఇప్పుడు నీళ్ళ వంక చూస్తున్నావు. ఫరవాలేదు, పనికొస్తావు."

"నీళ్ళని చూసి ఏం తెలుసుకోవాలక్కా?"

"ఎప్పుడు దిగకూడదో తెలుసుకోవాలి. దిగడానికేముందిరా, బాతు కూడా దిగుతుంది," అంది నూకాలు. అంటూనే ఆగిపోయింది.

రేవురాయి మీద తడి చార కనిపించింది. పొద్దున ఆమె వచ్చినప్పుడు నీళ్ళు ఆ చారని తాకుతున్నాయి. ఇప్పుడు దానికి జానెడు కిందకి దిగాయి. పడమట చూస్తే నెమలికొండ మీద పొద్దున్నుంచీ మబ్బు కమ్ముకుని ఉంది, ఉరుములు వినబడుతూనే ఉన్నాయి. పైన అంత వాన కురుస్తుంటే కింద ఏరు పెరగాలి గదా! తగ్గుతోందేమిటి? నూకాలు దోసిలితో నీళ్ళు తీసి వాసన చూసింది. పచ్చిమట్టి వాసన, తవ్విన గోతిలోంచి వచ్చేలాంటిది. చిన్నచేపలు పరిగెలన్నీ లోతు వదిలేసి ఒడ్డు గడ్డిలోకి దూరుతున్నాయి.

ఆ మాంత్రికుడు మట్టి కోసం నెమలికొండని ఎలుక కొరికినట్టు కొరికేశాడు. కొండచరియ ఏటికి అడ్డంగా పడిందేమో. వాన నీళ్ళన్నీ దాని వెనక నిలుస్తున్నాయేమో. ఆ అడ్డు తెగితే? ఒట్టేసి చెప్పమంటే నూకాలు చెప్పలేదు. ఏమో, వాన కొండకి అవతలవైపే పడుతోందేమో! తగ్గిన నీళ్ళు అలాగే ఉండిపోతాయేమో! అప్పుడు దిగనిదాన్ని పట్టుకుని జనం నవ్విపోతారు. నవ్వితే నవ్వారు, చేతులు పోతాయి. అన్న చేతులు పోతాయి, తన చేతులూ పోతాయి, ఇంట్లో ఇద్దరికీ గంజి పోసేవాళ్ళుండరు.

నూకాలు తల తిప్పి నేరేడు చెట్టు వైపు చూసింది. పైడన్న లేచి నిలబడి ఉన్నాడు. అతనూ ఏటినే చూస్తున్నాడు. చెల్లెలి చూపు కలవగానే తల అడ్డంగా ఊపాడు.

భోఁ... అని శంఖం మోగింది.

నూకాలు భుజాన ఉన్న తెడ్డు తీసి తన పడవ ముక్కు ముందు ఇసకలో అడ్డంగా పడుకోబెట్టింది.

దాన్నే రేవు మనుషులు అడ్డతెడ్డు అంటారు. పడవలో ఎవరైనా సరే, తలపండిన సరంగైనా నిన్నగాక మొన్న చేరినవాడైనా, ముక్కుకి అడ్డంగా తెడ్డు పెడితే ఆ పడవ ఇక కదలకూడదు. ఎందుకు పెట్టావని ఎవరూ అడగకూడదు. అడిగితే, చెప్పడానికి మాటలు దొరకనివాడు సిగ్గుపడి మరోసారి పెట్టడని పాతవాళ్ళు అలా కట్టడి చేశారు. ఒకసారి ఓ కుర్రాడు కడుపునొప్పికి భయపడి పెడితే కూడా, పడవెడు జనం సాయంత్రందాకా కిక్కురుమనకుండా ఒడ్డున కూర్చున్నారు. రేవులో పిల్లలకి ఈత కన్నా ముందు నేర్పేది ఇదే. తెడ్డు అడ్డం పడితే చేతిలో తెడ్డు దించెయ్యాలి, ఆలోచించకూడదు.

లింగడు మారు మాట్లాడకుండా తన తెడ్డు కింద పెట్టేశాడు.

జనం గొల్లుమన్నారు. గజకేతు మహారాజు పీట మీంచి లేచాడు. "ఏమిటీ అవమానం? శంఖం వినబడలేదా?"

"వినబడింది రాజుగారూ. నేను దిగను. మీరూ దిగొద్దు. ఇవాళ ఏరు మంచిది కాదు. గుడారాలు పీకించి జనాన్ని మెరకకి పంపండి."

"పందెం పోతుందని ఎత్తు వేస్తున్నావా?"

"పందెం పోయింది, తెలుసు. నా చేతులు పోతాయి, అదీ తెలుసు. తెలిసే చెబుతున్నా, ఒద్దు!"

ఊర్ధ్వజటుడు జడలు ఆడించాడు. "విన్నారా మహారాజా? ఇదే వీళ్ళ రోగం! కూడు పెట్టే ప్రభువుకే కాదంటారు. నా సరంగుని చూడండి."

రాజనావ పక్క గుడారం దగ్గర కట్టి ఉంది. వెండి తాపడం, హంస మెడ, పగడాల కన్నులు. దాని చివర పైడన్న మట్టిరూపం తెడ్డు పట్టుకుని కూర్చుంది. అదే వెడల్పు భుజం, అదే ఎడమపక్క వంగిన మెడ. కళ్ళు మాత్రం రెండు గుంటలు. మహారాజు కోపంతో విసవిసా నడిచి వెళ్ళి ఒక్కడే నావెక్కాడు. "పద! కొండవాకిలికి!"

"మరి నువ్వెక్కవేం జడలోడా?" అని అరిచింది నూకాలు.

"నేను గట్టు మీంచి మంత్రం నడపాలి," అన్నాడు మాంత్రికుడు, అప్పటికే మట్టి బోయీలు మోసే పల్లకిలో సర్దుక్కూర్చుని. "భటులారా! దీన్ని తొట్టి దగ్గరికి లాక్కుపోండి!"

రాజనావ జర్రున ఏట్లోకి జారింది. మట్టిచేతులు తెడ్డు వేశాయి. నూకాలు గుండె కలుక్కుమంది. అదే అన్న తెడ్డు! నీటిని కొట్టకుండా కోసే ఆ విసురు, చివర్లో మణికట్టు తిప్పే ఆ ఒడుపు! చిన్నప్పుడు ఆమె వేళ్ళ మీద వేళ్ళు పెట్టి నేర్పిన ఆ తిప్పుడే! అన్న పనిని ఆ బొమ్మ దొంగసొమ్ములా తొడుక్కుని పోతోంది.

నలుగురు భటులు నూకాలు రెక్కలు విరిచి పట్టుకున్నారు. లింగడు ఒకణ్ణి తలతో పొడిచాడు, ఇంకొకణ్ణి కాలితో తన్నాడు, మూడోవాడు వాణ్ణి ఇసకలో తొక్కిపట్టాడు. తొట్టి దగ్గరికొచ్చింది. బంకమట్టి బుడగలు కక్కుతూ కుతకుతలాడుతోంది. నూకాలు కాళ్ళు తన్నిపెట్టింది. వేళ్ళ కొసలు మట్టికి తగలబోతున్నాయి.

అప్పుడు పక్షులన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

పడమటి నుంచి గర్జన వచ్చింది. వంద ఏనుగుల మంద అడవి తొక్కుకుంటూ వస్తున్నట్టుంది. రేవులో నీళ్ళు చూస్తుండగానే నురగ కట్టి, ఆకులూ కొమ్మలూ తేలుస్తూ రేవురాయిని మింగేశాయి. "ఏరు! ఏరొచ్చేస్తోంది!" అని ఎవరో కేకపెట్టారు. భటులు నూకాల్ని వదిలేసి ఈటెలు పారేసి మెరకకి పరుగెత్తారు. మట్టితొట్టి నీళ్ళలో తిరగబడి తేలిపోయింది. వెండి స్తంభాలు, పట్టు గుడారాలు, గలగల గంటలు అన్నీ బురదలో కలిశాయి.

"అక్కా! రాజుగారు కనుమలో ఉన్నారు!" అని అరిచాడు లింగడు. వాడు గడ్డం పీకి పారేశాడు. "ఆయన మా నాన్నక్కా!"

నూకాలు ఒక్క క్షణం నోరు తెరిచి చూసింది. "ఓరి నీ... యువరాజువా! ఇన్నాళ్ళూ నా తిట్లన్నీ పడ్డావా?"

"పడాల్సినవే పడ్డాను."

"సరే, ఎక్కు! మీ నాన్న కోసం కాదు. ఆ బొమ్మ కరిగితే మా అన్న చేతులు కరిగినట్టే!" ఇసకలో అడ్డంగా ఉన్న తెడ్డుని తనే తీసింది. "పందేనికి దిగనన్నా. దీనికి దిగుతా!"

పడవ నీళ్ళలో పడిందో లేదో ఏరు దాన్ని ఎత్తి విసిరింది. ముందొచ్చిన పొంగు ఇది, అసలు వరద వెనక గర్జిస్తూ వస్తోంది. నూకాలు తెడ్డు వెయ్యడం లేదు, నీటికి దారిచ్చి పడవని తప్పిస్తోంది. ఎడమకి ఓ మొద్దు, కుడికి ఓ గుడారం గుంజ. "ఒంగు!" అంది, లింగడు ఒంగాడు, తల మీంచి చెట్టుకొమ్మ సర్రున పోయింది. "వెయ్యి!" అంది, వేశాడు. "ఆపు!" అంది, ఆపాడు. పులికోర కనుమ నోరు తెరుచుకుని వచ్చింది. రెండు వైపులా నల్లరాతి గోడలు, నడుమ పాలనురగలు కక్కుతూ ఏరు, ఆ నురగ మీద ఇంద్రధనుస్సు ముక్కలు. చూడ్డానికి బాగానే ఉంటుంది, బతికి చెప్పుకుంటే.

అదిగో రాజనావ! హంస మెడ విరిగిపోయింది. గజకేతు మహారాజు అంచు కౌగిలించుకుని "ఆపు! ఒడ్డుకి తిప్పు!" అని అరుస్తున్నాడు. మట్టిసరంగు వినడం లేదు. గట్టు దారిలో పల్లకి పరుగెడుతోంది, అందులోంచి ఊర్ధ్వజటుడు మాత్రం ఇంకోలా అరుస్తున్నాడు. "ముందుకి! ముందుకే!" వాడికి రాజు పోయినా ఫరవాలేదు, బొమ్మ ఓడిందనిపించుకోకూడదు. నావ తిన్నగా రాకాసిగొంతు వైపు పోతోంది. కనుమ గోడలో నోరు తెరిచిన గుహ అది, దాని ముందు సుడి. మట్టిసరంగు భుజాల మీంచి అప్పటికే ఎర్రటి బురద ధారలుగా కారుతోంది.

"దగ్గరికి తియ్యి!" అంది నూకాలు. లింగడు ప్రాణాలు పెట్టి తెడ్డు వేశాడు. రెండు పడవలూ ఠప్పున గుద్దుకున్నాయి. ఆ దెబ్బకి వీళ్ళ పడవ నిలువునా చీలింది. అప్పటికే ఇద్దరూ గాల్లో ఉన్నారు. లింగడు తండ్రి మీద పడ్డాడు, నూకాలు నావ ముక్కు దగ్గర పడింది. ఇద్దరూ తెడ్లు మాత్రం వదల్లేదు.

ఆమె మోకాళ్ళ మీద లేచి మట్టిరూపం వైపు తిరిగింది. గుంటకళ్ళు. అందులో అన్న లేడు. కొండ మీద మబ్బుని చూసి, తగ్గిన నీళ్ళని చూసి ఆగాలనుకునే మనసు మట్టిలోకి రాలేదు. వచ్చింది చేతులొక్కటే. కానీ ఆ చేతులు ఈ రేవులో పెరిగిన చేతులు! ఈత రాకముందే ఓ సంగతి నేర్చుకున్న చేతులు!

"అన్నా!" అని గొంతు చించుకుని అరిచింది. "చూడు!"

తెడ్డు తీసి నావ ముక్కుకి అడ్డంగా, ఆ చేతుల ఎదురుగా పెట్టింది.

"వెయ్యి! తెడ్డు వెయ్యరా మట్టిముండాకొడకా!" మాంత్రికుడు గట్టు మీంచి మంత్రదండం ఝళిపించాడు. దండంలోంచి నీలిమంట వచ్చి మట్టిసరంగు వీపున తగిలింది. వీపు పగిలింది. చేతులు పైకి లేచాయి, తెడ్డు గాల్లో నిలిచింది. వణికింది.

మట్టిచేతులు నెమ్మదిగా దిగాయి. తెడ్డుని ఆమె తెడ్డులాగే అడ్డంగా పెట్టి, వేళ్ళు విప్పేశాయి.

మానేసింది! మట్టిబొమ్మ పని మానేసింది! పనితనమంతా పిండుకున్నానని విర్రవీగిన మాంత్రికుడు, అందులో కాదనడం కూడా ఉంటుందని ఎరగడు. తెలీకుండా దాన్నీ తెచ్చి బొమ్మలో పోసుకున్నాడు. మట్టిరూపం తల వంచి, భుజాలు జారి, నావ అడుగున ఉత్త మట్టికుప్పగా కూలిపోయింది.

నూకాలు గట్టు మీదకి చూసింది. చెల్లెలి కోసం పైడన్న కనుమ అంచున పరుగెత్తుకొస్తున్నాడు, చేతులు వేలాడేసుకునే. తడిరాతి మీద కాలు జారింది. కిందికి పోయాడు. పోతూ పోతూ చెయ్యి చాపాడు. ఆ చెయ్యి రావివేరుని పట్టుకుంది! పిడికిలి బిగిసింది! పైడన్న వేరుకి వేలాడుతూ తన చేతినే వింతగా చూసుకున్నాడు. రెండో చెయ్యి కూడా వేసి పైకి పాకాడు.

నూకాలుకి అప్పుడొచ్చింది ఏడుపు. వెక్కి వెక్కి ఏడుస్తూనే పగలబడి నవ్వింది.

"పరుగెత్తండి! పైకి మొయ్యండి నన్ను!" అని ఊర్ధ్వజటుడు బోయీల మీద కేకలేస్తున్నాడు. వాళ్ళూ మట్టివాళ్ళే. కాళ్ళ కింద దారి బురదయింది. దారి జారుతుంటే పల్లకి దించెయ్యాలని ఏ బోయీకైనా మొదటిరోజే నేర్పుతారు. మట్టి బోయీలు నలుగురూ ఒక్కసారిగా ఆగి, పల్లకిని మెత్తగా బురదలో దించి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మాంత్రికుడు పులితోలు చంకన పెట్టుకుని, నిలువుజడలు ఊగుతుండగా, నాలుగు కాళ్ళ మీద గట్టెక్కి మాయమయ్యాడు.

"సంతోషమే గానీ అక్కా, మనకి సరంగు లేడు!" అన్నాడు లింగడు.

నిజమే! నావ సుడిలో బొంగరంలా తిరుగుతోంది. వెనక అసలు వరద నల్లటి గోడలా కనుమలోకి వచ్చింది. ఎదురుగా రాకాసిగొంతు గుహ. పక్కకి తప్పుకునే దారి లేదు. నూకాలు కళ్ళు తుడుచుకుని నీళ్ళ వంక చూసింది. గుహలోకి పోయే నీళ్ళు వెనక్కి తన్నడం లేదు. అంటే లోపల ఎక్కడికో దారుంది.

"లోపలికే పోతున్నాం! రాజుగారూ, ఇదిగో మీకు మట్టివాడి తెడ్డు. పట్టుకోండి."

గజకేతు మహారాజు కిరీటం ఎక్కడో పోయింది. కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "నేనా? నాకేం వచ్చు?"

"ఏం రాకపోయినా మొదట ఒకటి రావాలి. ఒడ్డున ఒద్దన్నప్పుడు మీకు భయమెయ్యలేదా?"

"వేసింది," అన్నాడు రాజు.

"మరి చెప్పలేదేం?"

"రాజుని కదా!"

"నాన్నా, నాకూ అందుకే చెంపదెబ్బ పడింది," అన్నాడు యువరాజు.

"ఇకనుంచి పడవలో భయమేస్తే చెప్పండి. అది పిరికితనం కాదు, పని. ఇప్పుడు తెడ్డు వెయ్యండి! ఎడమకి!"

మహారాజు తెడ్డుని గరిటెలా పట్టుకుని వేశాడు. నీళ్ళు కొడుకు మొహాన పడ్డాయి. అయినా వేశాడు. ముగ్గురూ వేశారు. వరద వాళ్ళ వీపు మీద విరుచుకుపడి నావని గుహ గొంతులోకి ఒక్క నెట్టు నెట్టింది.

వెలుతురు పోయింది. హోరు చెవులకి చిల్లులు పొడిచింది. నావ రాళ్ళకి గీరుకుంటూ, గింగిరాలు తిరుగుతూ, ఎంతో దూరం పోయి, హఠాత్తుగా కదలని నీళ్ళలో పడి ఆగింది. నూకాలు తలెత్తింది. పైన ఆకాశమంత ఎత్తు కప్పు. గోడలకి పచ్చటి మణిదీపాలు. వాటి వెలుగులో తవ్విన గోతులు, బంకమట్టి గుట్టలు. ఒడ్డు పొడుగునా వరసలు వరసలుగా మట్టిమనుషులు, ఇంకా చేతులు అతికించనివాళ్ళు. తొట్టిలో లేచే బొమ్మల ఒళ్ళన్నీ ముందు ఇక్కడే తయారవుతున్నాయన్నమాట.

"ఏరు నెమలికొండనే చుట్టి పోతుంది. దాని కడుపులోకి వచ్చాం," అని గొణిగాడు యువరాజు. "వాడి ఇంట్లోకే వచ్చాం."

నూకాలు మొదటి వరసలో ముందు నిలబడ్డ బొమ్మనే చూస్తోంది. మోకాళ్ళ పైకి గోచీ. తలకి తువ్వాలు. ఆమె ముక్కు, ఆమె గడ్డం, నుదుటి మీద చిన్నప్పటి గాటు కూడా. మణికట్ల దగ్గర మాత్రం ఖాళీ. పందెం పెట్టకముందే, ఎప్పుడో చేసి పెట్టుకున్నాడు. చేతులొక్కటే తక్కువ.

ఆ బొమ్మ తల కదిలింది. గుంటకళ్ళు తిరిగి నూకాలు చేతుల మీద ఆగాయి. తర్వాత దాని వెనక వరసలన్నిట్లోనూ తలలు ఒక్కొక్కటే తిరిగాయి. బొమ్మ ఓ అడుగు ముందుకేసింది, ఇంకో అడుగు వేసింది, నీళ్ళలోకి దిగింది.

"అక్కా, నాకు భయంగా ఉంది," అన్నాడు యువరాజు.

"నాక్కూడా," అన్నాడు మహారాజు.

"నాకూ ఉంది," అంది నూకాలు. లేచి నిలబడి, తన రెండు చేతులతో తెడ్డు బిగించి పట్టుకుని, వస్తున్న తన మొహానికి ఎదురుగా అడ్డం పెట్టింది.